చెరి ఆరు వందల షేర్లు

మా చెల్లెలి ఫోను వచ్చినప్పుడు నేను డైరీలో ముందురోజు ఎండ గురించి రాస్తున్నాను. వేసవిలో నా డైరీలో మొదటి వాక్యం ఎప్పుడూ ఎండ గురించే. ఆమె అత్తగారి ఊరు ఝరాసంగం దగ్గర. భర్త పోయాక రెండెకరాల సేద్యం ఒంటరిగా చేసుకుంటోంది.

"అన్నా, మన షేర్లు జర అమ్మిపెట్టు. ఈసారి ఎకరం అల్లం పెడ్త. విత్తనమోడు పైసలు ముందుగాలనే అడుగుతుండు. రోహిణి కార్తె దాటితె ఆ విత్తనం నాకెందుకు?"

"ఫికర్ చెయ్యకు. రెండు రోజులల్ల అయిపోతది," అన్నాను.

ఆ జవాబు కూడా డైరీలో ఎండ వాక్యం కింద రాసి పెట్టుకున్నాను. అల్లం విత్తనానికి పెట్టుబడి ఎక్కువ. ఆమె దగ్గర వేరే దారి లేదు. షేర్లు కొన్నప్పుడే, ఎప్పుడడిగితే అప్పుడు ఆమె డబ్బు ఆమెకు ఇస్తానని మాటిచ్చాను.

ఆ షేర్ల సంగతి చెప్పాలి. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఆ తరువాత ఒక చిన్న కంపెనీ కొత్తగా షేర్లు అమ్ముతున్నదని పేపర్లో చదివాను. దివాలా తీసిన కంపెనీల వ్యవహారం చూడటం దాని పని. అప్పిచ్చినవాళ్ళ కాగితాలు సరిచూడటం, మూతపడ్డ ఫ్యాక్టరీకి కాపలా పెట్టడం, యంత్రాల జాబితా రాయడం, వేలం నడపడం. ఇంతకంటే నాకు అర్థమయ్యే వ్యాపారం ఉంటుందా అనుకున్నాను. కొన్నవాడు బాగుపడ్డా చెడిపోయినా కాగితం రాసిన చోట రుసుము తప్పదని నా సర్వీసంతా చూశాను. షేర్లు అమ్మడానికి కంపెనీ వాళ్ళు వేసిన లావుపాటి వివరాల పుస్తకాన్ని పెన్సిలు పట్టుకుని వారం రోజులు చదివాను.

చెల్లెలికి చెబితే నవ్వింది.

"అంటె కంపెనీలు సస్తె మనకు కూలన్నట్టు. కాటికాపరి పని గదన్నా!"

"కాటికాపరికి ఎన్నడన్న పని తక్వైందా?"

"పని తక్వ గాదు. ఏడ్సెటోళ్ళ దగ్గర పైసలెట్ల వసూలు చేస్తరో, గది అడుగు."

అది హాస్యమనుకుని నేనూ నవ్వాను. మా ఆఫీసులో చలానా కట్టిన తరువాతే కాగితం కదిలేది. దివాలా కేసుల్లో చాలా ఫీజులు కేసు తేలితేగాని రావని, ఆ కేసులు ఏళ్ళు సాగుతాయని తరువాత తెలిసింది. చెల్లెలు ఒక్క మాటలో పట్టుకున్నదాన్ని నేను వారం చదివీ పట్టుకోలేదు.

ఇద్దరం సమానంగా డబ్బు వేసుకుని ఒక లాట్ కొన్నాం. అలాంటి చిన్న కంపెనీల షేర్లు విడిగా దొరకవు, లాట్ లెక్కనే కొనాలి. దీని లాట్ అంటే పన్నెండు వందల షేర్లు. అన్నీ నా పేరు మీదే వచ్చాయి.

అదే నాకు నిద్ర పట్టకుండా చేసింది. మా నాన్న భూమి అన్నదమ్ములం పంచుకున్నప్పుడు, ఆడపిల్ల వాటా వదులుకున్నట్టు చెల్లెలితో హక్కు విడుదల పత్రం రాయించాం. రాసింది నేనే. "యాడ పెట్టాలె అన్నా?" అని అడిగి, చదవకుండా నేను చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఆనాటి డైరీ తీసి చూస్తే దస్తావేజు నంబరు, మధ్యాహ్నం వాన పడిందన్న మాట తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఈ షేర్లయినా ఎవరివి వాళ్ళ పేరు మీద ఉండాలనుకున్నాను. ఆమెకు షేర్లు ఉంచుకునే డీమాట్ ఖాతా తెరిపించి, ఫారం నింపి ఆరు వందలు ఆమె పేరుకు మార్చాను. చెరి సగం అయింది. ఆ రోజు డైరీలో పేజీ నిండా రాసుకున్నాను.

ఆమె ఫోను చేసిన మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గరున్న షేర్ బ్రోకర్ ఆఫీసుకు పోయాను. ఆ ఆఫీసు నడిపే ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. కంప్యూటర్ చూసి తల గోక్కున్నాడు.

"సార్, ఆరు వందలు అమ్మనీకి రాదు. ఇది సగం లాట్."

"చెల్లె దగ్గర ఇంకో ఆరు వందలున్నయి గదా."

"ఆమెవి ఆమె అమ్మనీకి రాదు, మీవి మీరు అమ్మనీకి రాదు. ఒక్క ఖాతాల పన్నెండు వందలుండాలె. మొదటి మూడేండ్లైతే ఇసొంటి ముక్కలు కొనే బాధ్యత ఒక దలాల్ కంపెనీకి ఉండె. గా గడువు దాటింది."

"పంచేటప్పుడు ఫారం ఇచ్చింది మీరే గదా. ఒక్క మాట చెప్పరాదా?"

"అప్పుడు మీరు పంచుడు అడిగిన్రు సార్. అమ్ముడు అడగలే."

అతని మీద కోపం రాలేదు. మా ఆఫీసుకు వచ్చినవాళ్ళకు నేను కూడా అడిగినదానికే జవాబు చెప్పేవాణ్ణి. మెట్లు దిగి, హైవే మీద లారీలు పోతుంటే రోడ్డు దాటలేక చాలాసేపు ఒకేచోట నిలబడ్డాను. రోడ్డు ఖాళీ అయిన తరువాత కూడా నిలబడే ఉన్నానని ఒక ఆటోవాలా హారన్ కొడితే తెలిసింది.

అదే ఆటోలో చెల్లెలి ఊరికి పోయాను. చెల్లెలు అప్పటికే చేనులో బోదెలు తోలించింది. సగం లాట్ సంగతి చెప్పాను. ఎండలో నిలబడి అంతా విన్నది.

"గంతేనా? నా ఆరు వందలు నీ పేరు మీద రాస్కో. అమ్మి పైసలియ్యి. సంతకం యాడ పెట్టాలె?"

ఆ మాట అంత మామూలుగా అడిగింది. మళ్ళీ ఆమె సంతకం, మళ్ళీ నా పేరు.

"వద్దు. నా సగమే నీ పేరు మీదికి మారుస్త."

"అయితె ఒక్కదాన్నే ఇరుక్కోవాల్నా?" అని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి, "నీ సగం నాకొద్దన్నా," అంది.

"అమ్మినంక పంచుకుందం తియ్యి. కాగితమేం రాసుకోవద్దు," అన్నాను.

"నువ్వేనా గీ మాటన్నది?" అని నీళ్ళచెంబు చేతికిచ్చింది.

నా షేర్లు ఆమె ఖాతాలోకి మారడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు ఆమెను వెంటబెట్టుకుని బ్రోకర్ ఆఫీసుకు పోయి అమ్మకానికి పెట్టించాను. ఆ వారంలోనే కంపెనీకి రావలసిన ఫీజులు చాలావరకు వసూలు కావడం లేదని వార్త వచ్చింది. ఒక రోజులో ధర ఇంతకు మించి పడకూడదని ఒక హద్దు ఉంటుంది. పొద్దున షేర్ బజారు తెరవగానే ధర ఆ హద్దుకు చేరి ఆగిపోయేది. కంప్యూటర్ తెర మీద అమ్మేవాళ్ళ గడిలో వేలు, కొనేవాళ్ళ గడిలో సున్నా. మధ్యాహ్నం మూడున్నరకు మా ఆర్డర్ దానంతటదే రద్దయ్యేది. మర్నాడు ఇంకొంచెం తక్కువ ధరకు మళ్ళీ పెట్టేవాళ్ళం.

దివాలా కంపెనీల ఫ్యాక్టరీలకు తాళాలేసే కంపెనీ షేర్లలో మేమిద్దరం తాళం పడి కూర్చున్నాం. ఈ వాక్యాన్ని డైరీలో రాసి, మరీ తెలివిగా ఉందనిపించి కొట్టేశాను.

నేను బ్యాంకులో అప్పు తెచ్చి ఇస్తానంటే చెల్లెలు ఒప్పుకోలేదు. "పించనీ మీద అప్పు తెచ్చి అల్లంల పెడ్తవా? పంటకు తెగులొస్తె నువ్వు గూడ మునుగుతవు," అంది. రోహిణి దాటడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, పక్క చేను రైతు విత్తనం పెట్టేటట్టు, భూమి, నీళ్ళు, చాకిరీ ఈమెవి అయ్యేటట్టు, పంట చెరి సగం చేసుకునేటట్టు ఒప్పుకుంది. తన చేనులో తన చాకిరీకి సగం పంటే దక్కుతుంది. ఆ రెండో సగం పోగొట్టింది నేను. ఆమె ఆ మాట అనలేదు, నేను డైరీలో రాశాను.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. ప్రతి పొద్దున ఆమె ఖాతాలోంచి ఆర్డర్ పెట్టడానికి ఓటీపీ నంబరు ఆమె ఫోనుకు వస్తుంది. నేను బ్రోకర్ ఆఫీసులోంచి ఫోను చేస్తాను, ఆమె చేనులోంచే చదివి చెబుతుంది. ఈ రోజు కూడా చెప్పింది. తరువాత అడిగింది:

"ఇయ్యాలన్న కొనెటోడు దొరికిండా?"

"ఇంకా దొరకలే చెల్లె."

"నా అల్లం మొలకేసింది. రేపు వచ్చి చూసిపో."

వస్తానన్నాను. తొమ్మిదీ పావు అయింది, షేర్ బజారు తెరిచింది. కొనేవాళ్ళ గడిలో సున్నా ఉంది.