ఫెలీజా కొండ దిగిన రోజు

ఫెలీజా బళ్లు బాగుచేసేది గానీ నడిపేది కాదు. మా కొండ ఊరు అటోక్‌లో ఈ సంగతి అందరికీ తెలుసు. పని అయ్యాక బండిని స్టాండు మీదే ఉంచి రేజ్ చేసేది, తల పక్కకు వాల్చి చప్పుడు వినేది, "ఓ చుట్టు నువ్వే వేసిరా" అని తాళం యజమాని చేతిలో పెట్టేది. కొత్తవాళ్లు నవ్వితే నవ్వనిచ్చేది.

ఆమె మొగుడు రుఫీనో బాగ్యో పట్నం వెళ్తూ హల్సేమా రోడ్డు వాలులో పోయాడు. పాత టూ స్ట్రోక్ బండి. పరుగులో ఉండగానే ఇంజను పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. పక్కన లోయ. ఖననం అయిన మర్నాడు ఆ బండిని ఫెలీజాయే విప్పింది. పిస్టన్ సిలిండర్ గోడకు అతుక్కుపోయి ఉంది. లోపలికి గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఇంజను అలా కాలిపోతుందని ఎవరో చెప్పారు. అప్పటిదాకా మొగుడికి పానాలు అందించడం తప్ప ఏమీ ఎరగని మనిషి, అదే షెడ్డులో కూర్చుని కార్బురేటర్ పని నేర్చుకుంది. ఇంకో బండి అలా బిగుసుకుంటుందేమోనన్న భయమే ఆమెకు ఆ పని నేర్పింది.

ఆ షెడ్డు పక్కనే నేను అన్నం, కాఫీ అమ్ముతాను. వయసులో పెద్దదాన్ని కాబట్టి నన్ను మనాంగ్ సబెల్ అంటుంది. మనాంగ్ అంటే అక్క. ఆమెను మనాంగ్ అని పిలిచేవాడు ఆమె తమ్ముడు డెల్మార్. క్యాబేజీ తోటల్లో పనిచేస్తాడు. వాడు ఒక టూ స్ట్రోక్ బండి కొని, దానికి చెవులు పగిలే సైలెన్సర్ ఒకటి బిగించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి బయటికి కనపడే ఫిల్టర్ తగిలించాడు.

"మనాంగ్, రేజ్ చేస్తే గొంతు పట్టేసినట్టు మూలుగుతోంది. కాస్త చూడవా?" అన్నాడు తెచ్చి.

"పొగ పోయే దారి వెడల్పు చేశావు, గాలి వచ్చే దారి వెడల్పు చేశావు. పెట్రోలు మాత్రం ఆ పాత చిల్లులోంచే రావాలా? దానికీ దాహం వేస్తది కదరా."

"అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది!"

"ఎక్కడ తిప్పుతావు?"

"ఇక్కడిక్కడే. తోటకీ ఇంటికీ."

కార్బురేటర్ విప్పి జెట్టు మార్చింది. పెట్రోలు పోయే చిల్లున్న చిన్న ఇత్తడి ముక్క అది. డెల్మార్ మిట్ట దాకా పోయొచ్చాక ప్లగ్గు ఊడదీసి చూసింది. తెల్లగా ఉంది, అంటే పెట్రోలు ఇంకా చాలడం లేదు. ఇంకాస్త పెద్ద చిల్లున్నది వేసింది. ఈసారి ప్లగ్గు నా కాఫీ రంగులో వచ్చింది. గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు సరిపోయాయని ఆమె ముఖంలోనే తెలిసింది.

మర్నాడు పొద్దున డెల్మార్ నా దగ్గర అన్నం పొట్లాలు కట్టించుకున్నాడు. వెనక సీటు మీద వాడు చేసుకోబోయే అమ్మాయి మిలా, ఒళ్లో సంచి. ఊరంతా అదిరేలా రేజ్ చేసుకుంటూ పోయారు. కాసేపటికి ఫెలీజా కాఫీకి వస్తే, "మీవాడు పెళ్లి మాట్లాడుకోడానికి లూనా వెళ్తున్నాడటగా" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టేసింది.

"లూనాకా? సముద్రం దగ్గరికా?"

"మిలా వాళ్ల ఊరు అదేగా."

"ఇక్కడ గాలి పల్చన, మనాంగ్. ఈ గాలికి సరిపోయేట్టు పెట్రోలు పెట్టాను. కింద గాలి చిక్కన. అక్కడ ఆ జెట్టు చాలదు. కింద రోడ్డు తిన్నగా ఉంటది, వాడు యాక్సిలరేటర్ చివరిదాకా లాగుతాడు. రుఫీనో బండిలాగే..."

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆ సైలెన్సర్ చప్పుడులో వాడికేం వినపడుతుంది? కూరగాయల లారీలన్నీ తెల్లవారకముందే దిగిపోయాయి. బస్సు వచ్చేసరికి వాళ్లు సముద్రపు గాలి పీలుస్తూ ఉంటారు. షెడ్డులో అమ్మకానికి పెట్టిన చిన్న బండి ఒకటుంది. ఫెలీజా దాని దగ్గరికి పోయి హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత జెట్ల డబ్బా, పానాలు జేబులో వేసుకుంది.

"వెనక కూర్చో, మనాంగ్. ఒక్కదాన్నయితే మధ్యలో ఆగిపోతాను."

"నా బరువుకి బండే ఆగిపోద్దేమోనే!" అన్నాను. ఆమె నవ్వలేదు. నేనూ నవ్వకుండానే ఎక్కి కూర్చున్నాను.

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు పోయే జీపు వెనక దీపాలు మాత్రమే కనపడుతున్నాయి. ఫెలీజా ఎడమ చేతి వేళ్లు క్లచ్ మీదినుంచి తీయలేదు. "ఇంజను పట్టేస్తే నొక్కాలి, పట్టేస్తే నొక్కాలి" అని గొణుక్కుంటోంది. రుఫీనో పడిన మలుపు దగ్గర వేగం ఎంత తగ్గించిందంటే, నేను కాళ్లు కింద పెట్టేశాను. ఆమె లోయ వైపు చూడలేదు. మొగుడితో ఏదో అంది, నాకు వినపడలేదు. మలుపు దాటాక గట్టిగా ఊపిరి వదిలింది.

బాగ్యోలో పెట్రోలు పోసే అమ్మాయిని అడిగాం.

"చప్పుడు బండా? నా చెవులు ఇంకా గుయ్‌మంటున్నాయి. ఎప్పుడో దిగిపోయారు."

సముద్రం వైపు పోయే నగిలియన్ దారి పట్టాక వేడి మొదలైంది. కిందికి దిగేకొద్దీ గాలి ముఖానికి తడిగుడ్డలా తగులుతోంది. ఒక మలుపు తిరగ్గానే రోడ్డు మీద జనం. ఫెలీజా బండి ఆపేసింది. దిగలేకపోయింది.

"నువ్వెళ్లి చూడు, మనాంగ్. నా వల్ల కాదు."

జనాన్ని తోసుకుని పోయి చూశాను. మామిడికాయల వ్యాను పక్కకు ఒరిగింది. డ్రైవరు గట్టు మీద కూర్చుని తిట్టుకుంటున్నాడు, జనం కాయలు ఏరుతున్నారు. "వాళ్లు కాదే, వాళ్లు కాదు!" అని అరుస్తూ వచ్చాను. ఆమె అప్పటికే రోడ్డు పక్కన వంగి వాంతి చేసుకుంటోంది.

కొండ కింది బవాంగ్ ఊరు దాటాక తిన్నని రోడ్డు. ప్రతి నల్లటి మచ్చా టైరు ఈడ్చిన గుర్తేమో అనిపించింది. అంతలో దూరాన పోలీసుల తనిఖీ. వరసగా ఆపిన బళ్ల మధ్య డెల్మార్ నడుం మీద చేతులు పెట్టుకుని వాదిస్తున్నాడు. చెట్టు కింద మిలా సంచితో విసురుకుంటోంది.

"మనాంగ్! నువ్వు బండి మీద వచ్చావా?" డెల్మార్ నోరు తెరిచేశాడు.

ఫెలీజా వాడి వైపు చూడనే లేదు. వాడి బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్గు ఊడదీసింది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. దాని మీద సన్నటి మెరుపు చుక్కలు.

"ఇవేంటో తెలుసా?"

"ఏంటి?"

"నీ పిస్టన్. కరగడం మొదలైంది."

వాడు ఆ చుక్కల్ని చాలాసేపు చూశాడు. తర్వాత మిలా వైపు చూశాడు.

"ఎక్కడికని అడిగితే తోటకి అన్నావు."

"లూనా అంటే నువ్వు భయపడి పోనివ్వవని..." అన్నాడు వాడు.

పోలీసాయన దగ్గరికొచ్చాడు. "ఎవరొచ్చి చెప్పినా సరే. ఈ సైలెన్సర్‌తో అడుగు ముందుకు పోనివ్వను."

"పోనివ్వకండి సార్. దయచేసి పోనివ్వకండి" అంటూ ఫెలీజా ఆయన చేయి పట్టుకుని వదల్లేదు. పొద్దుటినుంచి తిట్లు తింటున్న మనిషి, ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు.

వాడి బండి పోలీసుల దగ్గరే ఉండిపోయింది. డెల్మార్, మిలా జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి ఎక్కి లూనా వెళ్లారు. ఫెలీజా తన బండి దగ్గరికి వచ్చి కొండల వైపు చూసి, మళ్లీ నేల మీద చతికిలబడింది.

"ఇక నడపలేను, మనాంగ్."

"ఎవరు నడపమన్నారు?"

ఖాళీగా పైకి పోతున్న కూరగాయల లారీని ఆపాం. వెనక బండిని తాళ్లతో కట్టించి, ఇద్దరం డ్రైవరు పక్కన కూర్చున్నాం. దారంతా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఆ తర్వాత ఆమె మళ్లీ బండి ఎక్కలేదు. సైలెన్సర్ మార్చిన బండి ఏదొచ్చినా, ఎంత దూరం పోతారో, కొండ దిగుతారో లేదో అడిగి ప్రమాణం చేయించుకున్నాకే స్క్రూడ్రైవర్ ముట్టుకునేది. విసుక్కుని వేరే షెడ్డుకు పోయినవాళ్లూ ఉన్నారు. డెల్మార్ పెళ్లి లూనాలో జరిగింది. ఫెలీజా బస్సులో వెళ్లింది, లోయ కనపడని వైపు సీటు అడిగి మరీ కూర్చుని.