చెరపొద్దు టీచర్ పాస్‌వర్డ్

ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే ఆవిడని బడిలో అందరూ ‘చెరపొద్దు టీచర్’ అంటారు. ఊరికే అనరు. మర్చిపోకూడనిది ఏదైనా సరే, నల్లబల్ల కుడివైపు పైమూలన గడి గీసి రాసి, కింద ‘చెరపొద్దు’ అని పెట్టడం ఆవిడకి ఇరవై రెండేళ్ల అలవాటు. పరీక్ష తేదీ, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన వేళ, ఓసారైతే మొగుడి చొక్కా కొలతలు కూడా అక్కడే! బోర్డు తుడిచే పిల్లలు ఆ గడి చుట్టూ భద్రంగా డస్టర్ తిప్పి వదిలేస్తారు.

అలాంటి మనిషి క్లాసు కోసం సోషల్ మీడియాలో ఒక పేజీ తెరిచింది. జాగ్రత్తలా? అబ్బో, అడగొద్దు. ఫొటోల్లో పిల్లల మొహాలు కనపడకూడదు. తెలియనివాళ్లని చేర్చకూడదు. టీచరూ పిల్లలూ విడిగా మెసేజీలు పెట్టుకోకూడదు; చెప్పేదేదో అమ్మానాన్నలు కూడా చూసే పేజీలోనే చెప్పాలి. “పాస్‌వర్డ్ కన్నతల్లికి కూడా చెప్పకండ్రా!” అని చెవులు చిల్లులు పడేలా అరిచింది. అరిచి, తనది ఎక్కడ మర్చిపోతుందోనని తీసుకెళ్లి గడిలో రాసుకుంది. అక్షరాలూ అంకెలూ కలిసిందే కదా, చూసినవాళ్లు బీజగణితం అనుకుంటారని ఆవిడ ధీమా. పైగా రోజూ సాయంత్రం, బడికి రాని పిల్లల కోసం బోర్డు ఫొటో తీసి పేజీలో పెట్టేది. గడితో సహా! ఈ తెలివిని ఏమనాలో మీరే చెప్పండి.

ఆ పేజీ మీద ఆవిడకి అంత మమకారం ఎందుకంటే, కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల కోసం. నోట్లో నాలుక లేని పిల్ల. ప్రశ్న అడిగితే తలొంచుకుని కాలి వేళ్లు చూసుకుంటుంది. అదే పేజీలో అయితే రోజుకి రెండు సందేహాలు, అవీ టీచరు బుర్ర గోక్కునేంత గట్టివి! ఆ సందేహాలు చదివిన ప్రతిసారీ ఆవిడ కడుపు నిండిపోయేది.

ఒక సోమవారం పొద్దున్నే పేజీలో, టీచరు పేరుతోనే, ఒక పోస్టు కనిపించింది: “టీచర్, అర్జెంటుగా మీ పాస్‌వర్డ్ మార్చేయండి. ప్లీజ్.”

ఇదేదో హోంవర్క్ అనుకుని పదకొండు ఇళ్లలో తల్లిదండ్రులు తమ పాస్‌వర్డులు మార్చేసుకున్నారు. హెడ్మాస్టరు అగ్గి మీద గుగ్గిలమై క్లాసులోకే వచ్చేశారు.

“మీకు మీరే ఉత్తరాలు రాసుకుంటున్నారా టీచర్?”

“నేను రాయలేదు సార్! ఎవరో నా పేరుతో దూరారు.”

“అయితే మరీ ప్రమాదం. సాయంత్రంలోగా పేజీ మూసేయండి.”

టీచరమ్మ చూపు కిటికీ వైపు పోయింది. పేజీ మూస్తే ఆ పిల్ల నోరు కూడా మూసేసినట్టే. “సార్, ఒక్క వారం...” అంటూ బతిమాలబోయింది. ఆయన అడ్డంగా తలూపారు.

అప్పుడు బెంచీ చప్పుడైంది. కిటికీ పక్క పిల్ల లేచి నిలబడింది.

“నేనే సార్.”

క్లాసంతా నోరు వెళ్లబెట్టింది. ఆ గొంతు ఎలా ఉంటుందో చాలామందికి అదే మొదటిసారి వినడం.

“ఫొటోలో గడి చూసి లెక్క అనుకున్నా. మూడు రోజులు కూర్చున్నా సార్, జవాబు రాలేదు. ఇది లెక్క కాదేమోనని పాస్‌వర్డ్ దగ్గర కొట్టి చూశా, తెరుచుకుంది. భయమేసింది. విడిగా చెబుదామంటే మెసేజీలు వద్దన్నారు. నా పేరుతో పెడితే అందరూ నన్నే చూస్తారు. అందుకని టీచర్ పేరుతోనే...”

టీచరమ్మ మొహం కందగడ్డయింది. సిగ్గుతో చచ్చిపోయింది. కానీ ఆ సిగ్గు కిందనుంచి సంతోషం తన్నుకొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇంకొకళ్ల ఖాతా తెరవడం తప్పు కాదూ?” అన్నారు హెడ్మాస్టరు.

“తప్పే సార్. సారీ. కానీ మీది కూడా మార్చుకోండి. మీరు కొట్టేటప్పుడు పైకి చదువుతారు, వరండా అంతా వినపడుతుంది.”

క్లాసు గొల్లుమంది. హెడ్మాస్టరు రెండుసార్లు దగ్గి, టీచరమ్మ వైపు తిరిగి, “సరే, పేజీ ఉండనివ్వండి” అని గొణిగారు.

“ఇలాంటి పొరపాట్లు ఇంకేమైనా ఉన్నాయా తల్లీ?” అంది టీచరమ్మ.

“చాలా ఉన్నాయి టీచర్.”

“అయితే ఇలా ముందుకొచ్చి అందరికీ చెప్పమ్మా.”

ఆ పిల్ల ఒక్క క్షణం కాలి వేళ్లు చూసుకుంది. తర్వాత నడిచి వచ్చింది. టీచరమ్మ సుద్దముక్క ఆ చేతిలో పెట్టి, వెళ్లి కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది.