బల్ల అడిగితే వచ్చిన బల్ల

ఈస్టరుకు ముందటి శ్రమకాలం మొదటి ఆదివారం: మంచం పట్టిన నా భార్యకు ఇంటికి వచ్చి బల్ల ఇవ్వవలసిందిగా సంఘ కార్యాలయానికి తెలియజేశాను, ఎవరూ రాలేదు.
మట్టల ఆదివారం: మళ్లీ అడిగాను, ఫోనులో ప్రార్థన చేశారు.
ఆ బుధవారం: ఒక ఇనుప బల్లను ఆటోలో తెచ్చి మా చిక్కడపల్లి ఇంటి ముందు దింపిపోయారు.
ఈస్టరు మరునాడు: ఆమె ప్రభువునందు నిద్రించింది.
నిన్న: కార్యాలయం ఉద్యోగి ఫోను. "అంకుల్, హాల్‌ల పెండ్లున్నది, ఒక బల్ల తక్కువొస్తున్నది. జర పంపియ్యుర్రి."

మంచిదన్నాను. కోపం రావలసిన చోట ఏమీ రాలేదు.

బల్ల అంటే ప్రభురాత్రి భోజనమని, రొట్టె, ద్రాక్షారసమని మా తరం సంఘస్థులకు చెప్పనక్కరలేదు. కొత్తగా చేరిన ఆ ఉద్యోగికి ఎవరూ చెప్పలేదు. నారాయణగూడలో పాదిరులను తయారుచేసే పాఠశాలలో నేను ఆచరణాత్మక వేదాంతం బోధించిన తొలి రోజుల్లో, ప్రసంగం, ఆరాధన, ఉపదేశం, కాపరి పరామర్శ అనే నాలుగు శాఖలను నల్లబల్ల మీద నాలుగు గడులుగా గీసేవాణ్ణి. నా పైన ఉండిన పెద్ద పాదిరిగారు అది చూసి, గీతలు నీవేనయ్యా, రోగి మంచం దగ్గర నాలుగూ ఒకటే అని నవ్వేవారు. సాయంత్రాలు చిన్న రేకు డబ్బాలో రొట్టె పెట్టుకొని అశోక్‌నగర్ వీధుల్లో నడిచేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య, నేను వెంట వెళ్లేవాళ్లం. ఆయన మొదట రోగి తలగడ సరిచేసేవారు, తరువాత రెండు మాటలు వాక్యం చెప్పేవారు, ఆ ఇంటి మనుమలు ఈ రొట్టె ఎందుకని అడిగితే ఓపికగా వివరించేవారు, నా భార్య కీర్తన అందుకున్నాక బల్ల ఇచ్చేవారు. నా గడులన్నీ ఆ గదిలోనే చెరిగిపోయేవి.

ఇప్పుడు ప్రసంగం తెర మీద వస్తుంది, పాటలు మునుపటికంటే బాగా వినిపిస్తాయి. గుమ్మం ఎక్కే కాపరి మాత్రం లేడు.

ఇనుప బల్లను చూసి ఆమె దగ్గు వచ్చేదాకా నవ్వింది. "బల్ల కావాలని మీతో అన్నది నేనే కదండీ! రొట్టె అనవలసింది." మందులు, మంచినీళ్ల గ్లాసు చివరిదాకా దాని మీదనే ఉన్నాయి.

కావున సంఘ పెద్దలకు నా విన్నపం: మన సంఘంలో మంచం పట్టినవారి ఇంటికి బల్ల ఎవరు తెస్తారో, ఏ రోజున తెస్తారో, పేరుతో సహా వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఇనుప బల్లను తుడిచి గుమ్మం దగ్గర ఉంచాను. తీసుకుపోవడానికి వచ్చేవారు ఆ జవాబు చేతపట్టుకొని రావలెను.