గవర్రాజు పెరట్లో పొగ

గవర్రాజు తాగొచ్చి, పిల్లల క్విజ్ ఆట అట్టను పెరట్లో తగలబెట్టేశాడని దువ్వాడ రైల్వే స్టేషను వెనక వీధంతా చెప్పుకున్నారు. మేడ మీద బట్టలారేస్తున్న నూకాలు పొగ చూసిందట, పిల్లల అరుపులు విందట. మిగతాది వీధి అల్లేసింది. గవర్రాజు తాగడు. అట్ట కూడా చెక్కు చెదరకుండా బీరువా మీదే ఉంది. ఎదురింటి జోగమ్మ ఊరికే నమ్మే మనిషి కాదు. పంచదార వంకతో వెళ్లి, కుర్చీ ఎక్కి మరీ చూసొచ్చింది. పక్కనే ఆట డబ్బాలో పాచిక కూడా ఉంది.

మరి ఆ పొగ దేనిది? అది కనుక్కోందే ఆవిడకి అన్నం సయించదు.

గవర్రాజు విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, పందొమ్మిదేళ్లుగా స్టీల్ ప్లాంటు ఫర్నేసు దగ్గర కాంట్రాక్టు కింద పని చేస్తున్నాడు. కరిగిన ఇనుము కాలవలా పారే చోట నిలబడి, ఆ దారి శుభ్రంగా ఉంచడం అతని పని. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలే. చదివింది ఐదో తరగతి. నాలుగు విషయాలు తెలుస్తాయని గాజువాకలో ఆ ఆట తనే కొనుక్కొచ్చాడు. ఆదివారం టిఫిన్లయ్యాక చాప మీద నలుగురూ కూర్చునేవారు: అతను, భార్య పద్మావతి, ఎనిమిదో తరగతి చంద్రిక, నాలుగో తరగతి చింటూ. కార్డు తీసి ప్రశ్న చదవాలి. సరైన జవాబు చెబితే పాచిక వేసి ముందుకు, తప్పయితే మూడు గళ్లు వెనక్కి. గవర్రాజు కాయ ఎక్కడో పోతే పాత చొక్కా గుండీ పెట్టుకున్నాడు. ఆ గుండీ ఎప్పుడూ అందరికన్నా వెనకే ఉండేది. పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు.

జవాబుల కోసం పిల్లలు జుట్లు పట్టుకుంటున్నారని ఒక రూలు కూడా అతనే పెట్టాడు. కార్డు వెనక ఏముంటే అదే రైటు, ఎవరూ వాదించకూడదు. ఒకసారి పద్మావతికి, పాలు పెరుగు కావడానికి ఎన్ని గంటలని ప్రశ్న వచ్చింది. "ఎండాకాలం నాలుగు సాలు" అంది. కార్డు ఎనిమిదంది.

"నాను రోజూ తోడెడతన్నాను కదయ్యా!"

"కార్డు ఎనిమిదంటే ఎనిమిదే. ఎనక్కి జరుగు" అన్నాడు గవర్రాజు, పెద్ద జడ్జీలాగా.

పోయిన నెల ఒక ఆదివారం చంద్రిక కార్డు చూసి మురిసిపోయింది. "నాన్నా, నీ ప్రశ్నే వచ్చింది! కరిగిన ఇనుము ఏ రంగులో ఉంటుంది?"

గవర్రాజు బాసింపట్టు సర్దుకుని, భార్య వంకా కొడుకు వంకా చూసి మరీ చెప్పాడు. "తెలుపు. కొసన పసుపు కొడతాది. వట్టి కళ్లతో సూడనేవు."

చంద్రిక కార్డు తిప్పింది. మొహం మారింది. "ఎరుపు."

"ఎరుపేటి? ఎర్రబడిందంటే సల్లారిపోతన్నట్టే. రోజూ సూత్తన్నాను నాను!"

"కార్డుతో వాదించకూడదు, నీ రూలే" అంటూ చింటూ గుండీని మూడు గళ్లు వెనక్కి జరిపాడు. "ప్లాంటులో పని సేసి ఇది కూడా తెలీదేటి నాన్నా?"

గవర్రాజు భార్య వైపు తిరిగాడు.

"నా పెరుగుకి ఏటన్నావు?" అంది పద్మావతి, గ్లాసులు ఏరుకుంటూ.

పిల్లల్ని ఫర్నేసు దగ్గరికి తీసుకెళ్లి చూపించేది కాదు. ఆ సెగలో ఫోను తీసి ఫొటో పట్టేదీ కాదు. మరుసటి ఆదివారం గవర్రాజు పెరట్లో నాలుగు ఇటుకలు పేర్చాడు. బొగ్గులు పోసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ఇనప ఊచ ఒకటి అందులో గుచ్చాడు. పిల్లల్ని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు. నూకాలు చూసిన పొగ అదే.

ఊచ ఎర్రబడింది. ఇంకా బొగ్గులు పోశాడు. ఎర్రగానే ఉంది. ఫర్నేసు వేడి పెరటి పొయ్యికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సంగతి అతనికి తెలియంది కాదు, ఆత్రంలో మరిచాడు.

"ఎరుపే! ఎరుపే!" అని చింటూ గెంతాడు. నూకాలు విన్న అరుపులు అవి. చంద్రిక మాత్రం అరవలేదు. "పోనీలే నాన్నా, ఈసారికి నీ గుండీ ముందుకే పెడతాం" అంది.

ఆ మాటకి గవర్రాజు బకెట్టు నీళ్లు తెచ్చి పొయ్యి మీద గుమ్మరించాడు. అట్టను బీరువా మీదికి ఎక్కించింది కూడా అప్పుడే.

ఇదంతా ఆ ఇంట్లో ఒక్కొక్కరి దగ్గరా కూపీ లాగిన జోగమ్మ, మొన్న డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్న గవర్రాజును గుమ్మంలోనే పట్టుకుంది. లోపల చంద్రిక హోంవర్కు రాసుకుంటోంది.

"ఒరే గవర్రాజూ, ఈదిలో జనానికి నాను సెప్పుకుంటానులే. నిజం సెప్పు నాయనా, ఆ ఇనుము ఏటి రంగు?"

చంద్రిక పెన్ను ఆపి తలెత్తింది. గవర్రాజు కూతురి వంక చూశాడు. మడిచిన చొక్కా చేతుల్ని మచ్చల మీదికి లాక్కున్నాడు.

"ఎరుపే పిన్నీ. కార్డులో అదే కదా ఉంది."