ఉలవ కట్టె మీద పది కార్లు

గార్లదిన్నె చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటారు కాలిపోతే రైతుకు దేవుడికంటే ముందు గుర్తొచ్చే మనిషి తిప్పేస్వామి. రాగితీగ చుట్టడంలో ఆయన చేతికి తిరుగులేదని పేరు. ఆ పేరు ఆయనకు చాలదు. షాపు వెనక రేకుల షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుందే మీగడరంగు ప్రీమియర్ పద్మిని కారు, లోకం తనను దాని యజమానిగా గుర్తుపెట్టుకోవాలని ఆయన కోరిక.

ఆ కోరిక పుణ్యమా అని అనంతపురంలో పాతకార్ల సంఘం ఒకటి వెలిసింది. ఏడాదికోసారి సభ్యులంతా కార్లు కడిగి, తుడిచి, ఒకదాని వెనక ఒకటిగా తోలుకుంటూ ఏదో ఒక దిక్కుకు వెళ్ళి, కడుపునిండా తిని, ఫొటోలు దిగి వస్తారు. దారి ఎంచేదీ, ముందుండి నడిపేదీ తిప్పేస్వామే. ఆ రోజు ఆయన వేషం చూడాలి. నెత్తిన తెల్లటోపీ, మెడలో ఈల, రైల్వేలో పనిచేసే బావమరిది ఇచ్చిన పచ్చజెండా ఒక చేతిలో, ఎర్రజెండా మరో చేతిలో. స్టీరింగు దేంతో పట్టుకుంటాడని ఇల్లాలు సరళ అడిగితే, "అదంతా అలవాటు మీద పోతాది" అంటాడు.

ఈ ఏడు మాత్రం సంఘంలో చిక్కొచ్చి పడింది. తెచ్చినవాడు పంటి డాక్టరు జయరాముడు. ఆయనది నల్ల కాంటెస్సా. పెళ్ళిపెద్ద లాంటి కారు.

"ఏమప్పా స్వామీ, ప్రతేడూ ఈ రాళ్ళు, ఈ కంపచెట్లేనా? ఈడ సూడ్డానికి ఏముండాది? ఇంకమీద నందికొండకు పోదాం. ఆడైతే మంచుంటాది, కాఫీ ఉంటాది."

చాలా తలలు ఊగాయి. తిప్పేస్వామికి తన మొహం బాగాలేదని నలుగురిలో ఎవరో అన్నట్టనిపించింది. లేచి నిలబడ్డాడు.

"డాక్టర్ సారూ, ఈ ఒక్కసారి నా దారిన రాండి. చూసినాక బాగలేదంటే జెండాలు రెండూ మీ చేతిలో పెడతా. మీ నందికొండకు అందరికంటే యెనక నేనొస్తా."

మాట బాగానే ఉంది. ఇంటికొచ్చాక సరళ, "దారి చూసుకోనే పందెం కాసినావా?" అని అడిగింది.

"ఇంకా చూడలే. నేను చూస్తే అదే బాగుంటాది," అన్నాడు తిప్పేస్వామి. సందేహమనే దానితో ఆయనకు పరిచయం లేదు.

మరునాడే పద్మినిలో బయల్దేరి, డ్యాము దాటి, గాలిమరలున్న గుట్టల వైపు వెళ్ళే దారి పట్టాడు. మధ్యలో నల్లగుట్టపల్లె. కొత్తగా వేసిన తారురోడ్డు ఊరి నడిమధ్య నుంచి నున్నగా, కాటుక గీసినట్టు పోతుంది. ఇటుపక్క ఎర్రమన్ను, అటుపక్క ఏనుగులు పండుకున్నట్టు బండలు, కోసి కుప్పలేసిన ఉలవచేలు, గుట్టల మీద తెల్లగా తిరిగే రెక్కలు. "ఇంకేం గావాల!" అని పైకే అన్నాడు.

ఊళ్ళో పెద్దమనిషి వెంకటప్ప రచ్చబండ దగ్గర కనిపించాడు. ఆయన బోరు మోటారుకు తీగ చుట్టీ చుట్టీ తిప్పేస్వామి ఆ ఇంటికి అల్లుడి వరసైపోయాడు.

"మామా, ఈ వచ్చే ఆదివారం ఈ రోడ్డు మీద పది కార్లు వస్తాండాయి. ఒకదాని యెనక ఒకటి, నిదానంగా. రోడ్డు మీద గొర్రెలు గిర్రెలు ల్యాకుండా నువ్వు చూసుకోవాల."

వెంకటప్ప కూర్చున్నవాడు లేచాడు. "పది కార్లా! మన రోడ్డు మీదనా! నిదానంగానా!"

"నిదానంగానే మామా. నడిచినట్టు పోతాం."

"అల్లుడా," అని వెంకటప్ప ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. "గొర్రె కాదు, కోడిపిల్ల అడ్డం రాదు. అంతా నేను చూసుకుంటా. నువ్వు మాత్రం మాట తప్పొద్దు."

ముసలాయనకు కార్లంటే ఇంత పిచ్చి ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అని మురిసిపోతూ తిప్పేస్వామి ఇంటికొచ్చాడు.

ఆదివారం పొద్దున ఎండ మెత్తగా ఉంది. ముందు పద్మిని, దాని వెనక జమాల్ బాషా అంబాసిడర్, ఆ వెనక మిగతావి, చిట్టచివర కాంటెస్సా. జమాల్ బాషా తన కారును పెళ్ళిళ్ళకు తిప్పుతాడు. అందుకని పెళ్ళికొడుకు లేకపోయినా దాని ముందు ఒక పూలదండ ఉండనే ఉంటుంది. డ్యాము దగ్గర నీళ్ళు చూశారు. బండల దగ్గర ఆగి ఫొటోలు దిగారు. డాక్టరు ఏమీ అనలేదు. అనకపోవడాన్ని తిప్పేస్వామి తన ఖాతాలో వేసుకున్నాడు. "అసలుది ముందుండాది సార్!" అని పచ్చజెండా ఊపాడు.

నల్లగుట్టపల్లె మలుపు తిరిగారు. రోడ్డు లేదు.

మొదటి ఇంటి నుంచి ఊరి చివరి వేపచెట్టు దాకా, తారు అంగుళమైనా కనపడకుండా, కాయలతో సహా కోసి ఎండబెట్టిన ఉలవ కట్టె మోకాలెత్తున పరిచి ఉంది. రెండు పక్కలా ఊరు ఊరంతా నిలబడి ఉంది. ఆడవాళ్ళ చేతుల్లో చేటలు, మగవాళ్ళ చేతుల్లో పంగలకర్రలు. ఎవరో తప్పెట అందుకున్నారు. కొత్త తువ్వాలు భుజాన వేసుకున్న వెంకటప్ప, మగపెళ్ళివారిని పిలిచినట్టు రెండు చేతులూ చాపి ఎదురొస్తున్నాడు.

"సచ్చినా," అన్నాడు తిప్పేస్వామి. పక్క సీట్లో ఉన్న సరళకు మాత్రమే వినపడింది.

"రా అల్లుడా, రా! తెల్లారినప్పట్నుంచి కాసుకోనుండాం. ఎద్దుల్ని అమ్ముకుంటిమి. ట్రాక్టరోడు పిలిస్తే పలకడు. ఉండేది ఒక బస్సు, అది సర్రున దూసుకపోతాది. నువ్వు పది కార్లు నిదానంగా తెస్తానంటివి కదా, ఊరంతా కట్టె నీ కోసమే ఆపుకుంటిమి!"

రోడ్డు మీద పంట పరిచి, వచ్చీపోయే బండ్ల చక్రాలతో తొక్కించుకోవడం ఆ పక్క మామూలే. బండ్లు రాని రోడ్డు పక్కన ఉండేవాళ్ళకు పది కార్లు వస్తున్నాయని చెప్పినవాడు ఇంకేమని చెప్పినట్టు?

ఈలోగా అందరూ కార్లు దిగి వచ్చేశారు. డాక్టరు కట్టె వైపు చూశాడు, తప్పెట వైపు చూశాడు, తిప్పేస్వామి వైపు చూశాడు. "ఏందిది స్వామీ?"

తెలీదంటే జెండాలు అక్కడికక్కడే చేతులు మారతాయి. తీసేయమంటే ఎదురుగా ఊరు. తిప్పేస్వామి టోపీ సర్దుకున్నాడు.

"ఇదే సార్ మన కార్యక్రమంలో అసలు భాగం. ముందే చెప్తే సరదా పోతాదని చెప్పలే."

జమాల్ బాషా నవ్వు దాచుకోవడానికి ఆకాశంలోకి చూశాడు. "నిజమే సార్. నాగ్గూడ చెప్పలే," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

"నా బండి కడుపు నేలకు ఆనుతాది కదప్పా! కట్టె చుట్టుకుంటే? సైలెన్సర్ వేడికి అంటుకుంటే?" అన్నాడు డాక్టరు.

అది న్యాయమైన భయం. తిప్పేస్వామి కూడా కాసేపు నాయకత్వం పక్కనపెట్టి మోటారు షాపు మనిషైపోయాడు. కట్టె పలచగా పరిపించాడు. ఒకసారికి ఒకే కారు, ఆ చివర ఆగాలి, కిందంతా చూసి చుట్టుకున్నది లాగేశాకే తిరిగి రావాలి అన్నాడు. రెండు చివరలా బిందెలతో నీళ్ళు పెట్టించాడు. జమాల్ బాషా కొక్కెం కడ్డీ పట్టుకుని గోనెపట్టా మీద పడుకోవడానికి సిద్ధమయ్యాడు.

మొదట పోవాల్సింది నాయకుడే కదా. తప్పెట మోగుతుండగా పద్మిని గంభీరంగా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. అందరూ చేట పట్టుకుని ముందు నిలబడ్డ తిప్పమ్మ వైపు చూశారు. ఊళ్ళో ఉలవల సంగతి ఆమె తేల్చాలి. తిప్పమ్మ వంగి గుప్పెడు కట్టె తీసి, నలిపి, ఊది చూసింది.

"ఏం నాయనా, నీ కారుకు బరువే ల్యాకపాయె. కోడిపెట్ట నడిచినట్టుండాది. పక్కన పెట్టుకో, పెద్దవి రానీ."

ఊరంతా నవ్వింది. సంఘమంతా నవ్వింది. తిప్పేస్వామి కూడా నవ్వాడు, కానీ ఆయన నవ్వు మిగతావాళ్ళకంటే ముందే అయిపోయింది.

అంబాసిడర్ వెళ్ళింది. "ఫరవాలేదు," అంది తిప్పమ్మ. అలా ఒక్కొక్కటీ పోయి చివరకు కాంటెస్సా వంతు వచ్చింది. డాక్టరు ముళ్ళమీద నడిచేవాడిలా కారు ఎక్కాడు. చక్రాల కింద కాయలు పటపటా పగిలాయి.

"అద్దీ!" అని తిప్పమ్మ చేట పైకెత్తింది. "సూడు, ఏనుగు మాదిరి తొక్కతాండాది! ఎవురిదప్పా ఆ నల్లది?"

బతుకంతా నోరు తెరుచుకుని మాట్లాడలేని మనుషుల మధ్య గడిపిన డాక్టరుకు, ఎదురుగా నిలబడి పొగిడేవాళ్ళు కొత్త. అద్దం దించి, "నాదేనమ్మా," అన్నాడు. ఎవరూ అడగకుండానే కారు తిప్పాడు. రెండో విడతకు చొక్కా చేతులు మడిచాడు. ఆ తర్వాత, "కట్టె తిరగెయ్యండప్పా, అడుగున పచ్చిగానే ఉండాది!" అని ఊరివాళ్ళ మీదే కేకలు మొదలుపెట్టాడు.

పద్మిని వేపచెట్టు కింద నిలబడింది. తిప్పేస్వామి దాని పక్కన నిలబడి, జెండాలతో ఎవరు ఎప్పుడు రావాలో చూపించసాగాడు. అదీ ఎంతోసేపు సాగలేదు.

"ఆ ఎర్రగుడ్డ ఇట్లియ్ నాయనా, నెత్తిన పొట్టు పడతాండాది," అని తిప్పమ్మ ఎర్రజెండా లాక్కుని తలకు చుట్టుకుంది. మిగిలిన పచ్చజెండాతో ఆయన అందరినీ రమ్మనడమే తప్ప ఎవరినీ ఆపలేకపోయాడు.

మధ్యాహ్నం సంగటి ముద్దలు, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టారు. తింటుండగా గాలి లేచింది. ఆడవాళ్ళు బండల మీదికెక్కి చేటలెత్తి తూర్పార పట్టడం మొదలుపెట్టారు. గింజలు సూటిగా కింద పడుతున్నాయి. పొట్టు మాత్రం గాలికి లేచి, ఎండ తగిలి బంగారు రజనులా ఊరి మీదుగా, చేల మీదుగా పోతోంది. దాని వెనక గుట్టల మీద రెక్కలు అదే గాలికి తిరుగుతున్నాయి. ఫొటోలు తీసేవాళ్ళు కూడా కాసేపు ఫోన్లు దించేశారు.

జమాల్ బాషా నెమ్మదిగా డాక్టరు పక్కన చేరాడు. "సార్, నందికొండలో ఇట్లాంటిది ఉంటాదా?"

"ఆడ మంచుంటాది," అన్నాడు డాక్టరు. సంగటి ముద్ద ఊరుబిండిలో అద్దుకున్నాడు. "మంచుదేముందిలే. యాడైనా ఉంటాది."

వెళ్ళబోయే ముందు ఆయనే అందరినీ పిలిచాడు. "వచ్చే ఏడూ ఈడికే. ఉలవలు కోసినాక ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తామని వెంకటప్పకు మాటిచ్చినా. స్వామీ, జెండాలు నీకాడనే ఉండనీ. నువ్వే నడిపించు."

తిప్పేస్వామి ఛాతీ టోపీ దాకా పొంగింది.

"కాకపోతే ముందు నా కారు పోతాది," అన్నాడు డాక్టరు. "నేను గాదు, ఊరోళ్ళు అడిగినారు."

తిరుగుదారిలో సరళ ఆయన వైపు తిరిగింది. "ఇంతకీ ఈ ఉలవల సంగతి నీకు ముందే తెలుసునా?" అంది.

"తెలీకుండా పది కార్లు తోలుకోని పోతానా?"

"మరి మలుపులో 'సచ్చినా' అనింది ఎవురు?"

"అదా? ఇంజను వేడెక్కినాదేమో అనుకున్యా."

సరళ ఆయన మీసంలో ఇరుక్కున్న ఉలవ పొట్టు తీసి, కిటికీలోంచి గాలికి వదిలింది.

ఆ వారంలోనే తిప్పేస్వామి పద్మినిని జమాల్ బాషా ఇంటి ముందు ఆపాడు. చాలా మామూలుగా డిక్కీ తెరిచి, లోపల చెయ్యి పెట్టి కొలుస్తూ అడిగాడు.

"భాయ్, దీంట్లో ఇసుక మూటలు యేసుకుంటే, ఎన్ని పడతాయంటావ్?"