ధింసా దరువుకి నేను హక్కుదారుణ్ణయిన వైనం

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఒక పెళ్ళి ఆపారా? నేను ఆపాను. కత్తి చూపించి కాదు, పాత ప్రేమలేఖలు బయటపెట్టీ కాదు. ఒంటి మీద పట్టుచొక్కా, చేతిలో ఒక ఫోను, ఇంతే సరంజామాతో, ఊరు ఊరంతా చూస్తుండగా, పెళ్ళికూతుర్ని గడప లోపలే నిలబెట్టేశాను. ఎలాగో చెప్తాను. నవ్వుకోండి గానీ మరీ పెద్దగా నవ్వకండి, మా ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి సగమే తెలుసు.

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఫోన్ గేములు తయారుచేసే చిన్న కంపెనీలో ఉండేవాణ్ణి. మా గేము పేరు దరువాట. పాట మోగుతుంటే తెర మీద రంగు చుక్కలు జారుతూ వస్తాయి, దెబ్బ పడే క్షణానికి సరిగ్గా చుక్క మీద వేలు కొట్టాలి. మూడుసార్లు తప్పితే పాట చప్పున ఆగిపోతుంది. ఒక ఆడగొంతు, ఆస్పత్రిలో నర్సమ్మ లాగా జాలిగా, "అయ్యో, మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. ఆ పాటల హక్కులు సంపాదించి తేవడం నా ఉద్యోగం. దానికి తాళజ్ఞానం అక్కర్లేదు, నాకు లేదు కూడా. మా గేములో మొదటి మెట్టు నేను దాటిన పాపాన పోలేదు. ఆఫీసులో ఆ జాలిగొంతు వినబడితే చాలు, నేను ఏ మూల కూర్చున్నానో అందరికీ తెలిసిపోయేది.

మొదట్లో పేరుమోసిన బ్యాండ్లన్నిటికీ రాశాను. బొంబాయి వాళ్ళకీ రాశాను, లండన్ వాళ్ళకీ రాశాను. చాలామంది ఉలకలేదు, పలకలేదు. పలికిన ఒకళ్ళిద్దరి లాయర్లు తలగడంత మందాన ఒప్పందాలు పంపారు. ఆ పాటలు కొనే తాహతు మాకు లేదు గానీ, ఒప్పందాలు ఊరికే వచ్చాయి కదా, వాటిని భక్తిగా చదివాను. సర్వహక్కులూ, శాశ్వతంగా, మరెవ్వరూ, ఎక్కడా... అబ్బ, ఏం మాటలండీ! పాటలు రాకపోయినా ఆ మాటలు మాత్రం నాకు వంటబట్టేశాయి. ఎక్కడో ఒకచోట వాడకపోతే నిద్రపట్టని స్థితికి వచ్చేశాను.

ఒకరోజు మా మేడమ్ పిలిచి, పెద్ద బ్యాండ్ల సంగతి వదిలెయ్యమంది. అరకు కొండల్లో బొంజన్న బృందం ఉందట, వాళ్ళ ధింసా నాట్యం వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోందట. "వెళ్ళి, మన గేములో పెట్టుకోడానికి ఒప్పుకుంటారేమో అడిగి రా" అంది. అడిగి రా అంది. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

బొంజన్న కాఫీ తోట చేసుకునే మనిషి, డప్పు మీద చెయ్యి వేస్తే మాత్రం వేరే మనిషి. ఆయన భార్య మంగులమ్మ ఆడవాళ్ళ వరసకి ముందు నిలిచి ఆడిస్తుంది. ఆ చుట్టుపక్కల పెళ్ళి పెట్టుకునేవాళ్ళు ముందు వీళ్ళ వీలు కనుక్కుని ఆ తర్వాత ముహూర్తం చూసుకుంటారు. వీళ్ళ దరువు మోగితేగానీ పెళ్ళికూతురు గడప దాటి బయటికి రాదు. అదీ వాళ్ళ పేరు.

కాఫీ గింజలు ఆరబోసిన వాకిట్లో ఊళ్ళోవాళ్ళంతా కూర్చున్నారు. నేను లేచి నిలబడి, రెండు పేజీల్లో సరిపోయే ఒప్పందానికి లండన్ లాయర్ల మాటలన్నీ దట్టించి తెచ్చిన కాగితం తీసి, తెలుగులో చదివి వినిపించాను. ఇక మీదట ఈ దరువు మా కంపెనీదే, మరెవ్వరూ ఎక్కడా వాయించకూడదు అన్న చోట గొంతు కొంచెం పెంచాను కూడా.

బొంజన్న తల గోక్కున్నాడు. "మేం కూడానా బాబూ?"

"మీరు కూడా."

"మరి పెళ్ళిళ్ళకో? పెళ్ళిళ్ళకి ఎవులు కొడతారు?"

సరిగ్గా అప్పుడే నా ఫోన్ గుంయ్‌మంది. తలెత్తకుండానే, "అదంతా మా కంపెనీ చూసుకుంటుంది" అన్నాను. నాకది ఊతపదం. ఏసీ పాడైనా, ఎవరి జీతం ఆగినా, నా నోట అదే మాట వచ్చేది.

వాళ్ళు పక్కకి వెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. ధర పెంచడానికి చూస్తున్నారని నేను లోలోపల నవ్వుకున్నాను. తీరా వచ్చాక మంగులమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "సన్నంగా ఉన్నావు. ఇంత బరువు మొయ్యగలవేటి బాబూ?" అంది.

"ఇంతకంటే పెద్దవి మోశానమ్మా" అన్నాను, టై సర్దుకుంటూ. అరకులో టై ఏమిటని అడక్కండి. కట్టుకున్నాను, అంతే. వాళ్ళు మారుమాట లేకుండా సంతకాలు పెట్టేశారు.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. నాకు తర్వాత తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దరువు ఎవరిదైతే, పెళ్ళికి పిలుపు వచ్చినప్పుడు వాళ్ళు వెళ్ళి కొట్టి తీరాలి. వానైనా, జ్వరమైనా, కాఫీ కోతలైనా తప్పదు. బొంజన్న తాతల నాటి నుంచీ ఆ బాధ్యత వాళ్ళ ఇంటిదే. దాన్ని ఇప్పుడు నేను ఏరికోరి, ఊరందరి ముందూ, టై కట్టుకుని మరీ నెత్తికెత్తుకున్నాను. ఒప్పందం మీద వాళ్ళు అంత హాయిగా ఎందుకు సంతకాలు పెట్టారో ఇప్పుడు అర్థమైందా?

గేములో పాట పెట్టాం. బాగా ఆడింది. నేను కాలరెగరేసుకుని తిరుగుతుండగా బొంజన్న దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కూతురు చిలకమ్మ పెళ్ళట. నేను లేకపోతే పెళ్ళే లేదన్నాడు. ఆ మాటకి పొంగిపోయి పట్టుచొక్కా కుట్టించుకున్నాను. ఎస్.కోటలో మా అమ్మతో, కొండల మీద మన మర్యాద ఎలా ఉందో చూడు అని కూడా అన్నాను.

నిజంగానే మర్యాద చేశారు. కాళ్ళకి నీళ్ళిచ్చారు, తలపాగా చుట్టారు, మెళ్ళో బంతిపూల దండ వేశారు. వరుడికి కూడా అంత జరగలేదు. వాకిలి మధ్యకి తీసుకెళ్ళి నా మెళ్ళో డప్పు తగిలించారు. ఇదేదో సన్మానం అనుకుని ఫొటో కోసం నవ్వుతూ నిలబడ్డాను. ఎదురుగా ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడ్డారు. బొంజన్న బృందం మాత్రం కొత్త బట్టలు కట్టుకుని అరుగు మీద వరసగా కూర్చుంది. వాళ్ళ డప్పులూ తుడుములూ గోడకి వేలాడుతున్నాయి. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఏటి బాబూ అలా సూత్తన్నావు? కొట్టు" అన్నాడు బొంజన్న.

"నేనా? మీరు కొట్టండి."

"మేమెలా కొడతాం? మేం కూడా కొట్టకూడదన్నావు. మాట ఇచ్చినాం. నాను కొడితే మాట పోద్ది." ఆయన గొంతులో వెటకారం లేదు. అదే నన్ను చంపేసింది.

గడప లోపల చిలకమ్మ పసుపుబట్టలో నిలబడి ఉంది. ఆ పిల్ల వయసుకి ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళకి ఈ దరువు విని ఉంటుందో, తన వంతు కోసం ఎన్నాళ్ళు చూసి ఉంటుందో. పెదబయలు నుంచి వచ్చిన మగపెళ్ళివారు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు.

పుల్లలు తీసుకుని డప్పు మీద తోచినట్టు కొట్టాను. వరసలో ముందున్న మంగులమ్మ ఒక కాలు ఎత్తింది, ఎక్కడ దించాలో తెలియక అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "మోకాలు పట్టేసింది బాబూ, బేగి తేల్చు" అంది.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నా జీవితంలో మెరుపులాంటి ఆలోచన వచ్చినప్పుడల్లా పిడుగు నా మీదే పడింది, అయినా బుద్ధి రాలేదు. ఫోన్లో మా గేము ఉంది కదా, అందులో వీళ్ళ దరువే ఉంది కదా! ఫోన్ తీసి పెళ్ళి మైకుకి తగిలించి ఆట మొదలుపెట్టాను. డప్పులు, తుడుములు ధనధనమని లేచాయి. వరస కదిలింది. చిలకమ్మ నవ్వుతూ ఒక పాదం గడప మీదికి ఎత్తింది. ఒక చుక్క తప్పింది. ఇంకొకటి తప్పింది. ఇంకొకటీ తప్పింది.

"అయ్యో, మళ్ళీ ప్రయత్నించండి" అంది మైకు, లోయంతా మారుమోగేలా.

చిలకమ్మ పాదం వెనక్కి తీసుకుంది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ అయ్యో. ఎన్నిసార్లు జరిగిందో చెప్పను, నాకూ పరువుంది. చివరికి పిల్లలు ఆ ఆడగొంతు కంటే ముందే అందరూ కలిసి "అయ్యో" అనడం మొదలుపెట్టారు. వరుడి మేనమామ బీడీ ఆర్పి, "నాలుగడుగులకోపాలి ఆగితే, పిల్లని మా ఊరు ఎప్పటికి సేరుస్తావు నాయనా?" అని అడిగాడు. లోపలినుంచి చిలకమ్మ, ఏడవడానికి సిద్ధంగా ఉన్న గొంతుతో, "నాన్నా, ఇయ్యాల నాను గడప దాటుతానా, దాటనా?" అంది.

ఆ మాటతో నా తలపాగా, దండ, పట్టుచొక్కా అన్నీ బరువెక్కిపోయాయి. మైకు వైరు పీకేసి బొంజన్న ముందు చేతులు కట్టుకున్నాను. "నీ దరువు నువ్వు తీసేసుకో బొంజన్నా. ఇది నా వల్ల కాదు."

"నీ నోటితో నా ఒక్కడికి సెప్తే ఎలా? అందరి ముందూ తీసుకున్నావు, అందరి ముందూ ఇవ్వాల. కాయితం మీద."

భోజనాల లెక్క రాసుకునే కాగితం వెనక వైపున నేనే రాశాను. మంగులమ్మ చెప్పింది. ఫోన్లో ఉన్నది ఫోన్లో ఉండొచ్చు, పిల్లలు ఆడుకుంటున్నారు. దరువు మాత్రం కొండ మీదే ఉంటుంది, ఎవరు ఎప్పుడు కొట్టుకున్నా అడిగేవాడు ఉండకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. కలం మూత పెట్టబోతుంటే, "ఆగు, ఇంకోటి రాయి" అంది. "ఈ గుంటడు ఇక మీదట ఎక్కడా, ఎప్పుడూ దరువు మీద సెయ్యి వెయ్యకూడదు. డప్పైనా సరే, ఫోనైనా సరే."

"ఎక్కడా, ఎప్పుడూ" అని ఎవరు నేర్పారో మీకు తెలుసు. ఊరంతా తలలూపింది. అందరికంటే గట్టిగా మగపెళ్ళివారు ఊపారు. నేను సంతకం పెట్టాను.

అప్పుడు బొంజన్న గోడ మీదినుంచి డప్పు తీశాడు. ఆ మొదటి దెబ్బ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎంత సిగ్గుపడ్డానో అంత సంతోషపడ్డాను. ఇంత పెద్దదాన్ని రెండు కాగితాల్లో చుట్టి బస్సులో పట్టుకుపోదామనుకున్నానా అనిపించింది. చిలకమ్మ గడప దాటుతుంటే, ఎవరో మేనమామలాగా నేను కళ్ళు తుడుచుకున్నాను.

సోమవారం నాడు కొత్త ఒప్పందం చూసి మా మేడమ్, "నేను అడిగి రమ్మన్నది ఇంతే కదా" అంది. ఆ పైన కొత్త పాటలు ఆడి పరీక్షించమంది. చట్టప్రకారం కుదరదని చెప్పాను. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

అందుకని సకల డప్పుల మీదా, తుడుముల మీదా ప్రమాణం చేసి చెప్తున్నాను. నాది కానిదాన్ని నాదని ఇంకెప్పుడూ రాయను. కంపెనీ చూసుకుంటుందని ఇంకెప్పుడూ అనను. బొంజన్న ఇప్పటికీ ప్రతి పెళ్ళికీ పిలుస్తాడు, "బోయినానికి రా బాబూ, ఫోను ఇంటికాడ ఒదిలీ" అంటాడు. వెళ్తాను. దరువు మొదలై ఊరంతా చప్పట్లు చరుస్తుంటే, నేను మాత్రం అడ్డాకు విస్తరిని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని నిలబడతాను. సంతకం పెట్టినవాణ్ణి మరి.