కంచె దగ్గర నా రాయి

మొన్న సాయంత్రం మనవరాలు బడి నుంచి వచ్చీరాగానే, సంచి ఇంకా భుజాన ఉండగానే, మన ఊరు యాడుండాది, అందులో ఎంతమంది ఉంటారు అని నన్ను నిలదీసింది. సొంత ఊరి గురించి రాసుకు రమ్మన్నారట బడిలో. పిల్ల పుట్టిందీ పెరిగిందీ కోలారు దగ్గర ఈ వేమగల్‌లోనే, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకు గదులు కట్టి అద్దెకిచ్చే ఈ సందులోనే. మా అబ్బాయి ఫోనులో మ్యాపు తెరిచి, బూదికోట దాకా వేలితో జరుపుకుంటూ పోయి, దాని అవతల రాతిగుట్టల నడుమ ఒక పచ్చని మచ్చ చూపించి ఇదే అన్నాడు. దాని మీద పేరు లేదు. జనాభా సున్నా అని రాసెయ్యమని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఊరంటే ఊరూ కాదు, పది గడపలు కూడా లేని పల్లె. మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు ఒక బండిబాట. ఆ బాట మొదట్లో రచ్చబండ, దాని మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒక ముసలాయన. పల్లె నుంచి కోడి బయటికి పోయినా ఆయనకు తెలుస్తుంది, ఇక కొత్తకోడలి సంగతి చెప్పాలా. నేనేమో కోలారు బంగారు గనుల దగ్గర కంపెనీ లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, పెరిగినదాన్ని. మా తాత ఆంధ్రా పల్లె నుంచి గని పనికి వచ్చాడు, నాన్న కూడా అదే గని షాఫ్టులోకి దిగేవాడు. గని కూత వేస్తే నిద్ర లేవడం, ఇంకో కూతకు నాన్నకు అన్నం గిన్నె కట్టివ్వడం, పక్కింటి అరవమ్మతో కుళాయి దగ్గర తగువు పడుతూనే ఆమె భాష నేర్చుకోవడం, ఇదీ నాకు తెలిసిన లోకం. పెళ్ళయి ఆ పల్లెకు వచ్చాక మొదట నన్ను భయపెట్టింది ఆ నిశ్శబ్దమే. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు, కడుపునిండా పెట్టారు. అయినా ఊపిరాడేది కాదు. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేకపోయాను, ఏం తక్కువైందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి.

అలాంటి రోజుల్లో నాన్న కబురంపాడు, ఎడ్లు అమ్మే మనిషి చేత. మా లైన్లకు దగ్గరి ఆసుపత్రిలో పదో తరగతి ప్యాసైన ఆడపిల్లలను నర్సు పని నేర్పడానికి తీసుకుంటున్నారట, ఫలానా రోజు పొద్దున వచ్చి నిలబడితే చాలట. పెళ్ళికి ముందు నేను నర్సుల తెల్ల చీర కలలు కన్నదాన్ని. మా అత్తతో చెప్పాను. ఆమె చెడ్డది కాదు, ఏడాది తిరగకుండా కోడలు పల్లె దాటితే ఎట్లమ్మా అని మాత్రం అనింది, అని రాగులు చెరగడంలో పడిపోయింది. మా ఆయన ఎడ్లకు మేత వెయ్యాలని లేచి పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. ఏడాదికొక రోజు ఊరు విడవడం. ఆ రోజు ఊరి దేవత ఊరమ్మ ఒక్కతే పల్లెలో ఉండాలని తెల్లవారకముందే పొయ్యిలార్పి, తలుపులకు గొళ్ళెం కూడా పెట్టకుండా, పసిపిల్లలతో, పశువులతో సహా అందరూ గుట్ట కింది తోపుకు పోయి వండుకు తినేవాళ్ళు. బాటకు అడ్డంగా ముళ్ళకంచె వేస్తారు. దాటేటప్పుడు తలా ఒక రాయి కంచె పక్కన పెట్టాలి, చంటిబిడ్డ రాయి తల్లే పెట్టి తల్లే తీస్తుంది. పొద్దు గూకాక ఎవరి రాయి వాళ్ళు తీసుకోవాలి. ఒక్క రాయి మిగిలినా ఎవరూ లోపలికి పోరాదు, పల్లెలో పొయ్యి వెలగరాదు. చచ్చినవాళ్ళ రాయి తప్ప ఇంకొకరి రాయి ముట్టుకోరాదు.

ఆసుపత్రికి పోవలసిన రోజుకు ముందురోజే ఆ పండగ పడింది. రచ్చబండ మీద ఎవరూ ఉండని రోజు ఏడాదికి అదొక్కటే. ఈ రాళ్ళ సంగతి తోడికోడలు ముందే చెప్పింది కాబట్టి, నేను తెలివిగా రాయి పెట్టకుండానే కంచె దాటాను. నా రాయి లేకపోతే నా కోసం ఎదురుచూసేదీ ఉండదు కదా. తోపులో అందరూ తిని కునుకు తీస్తుంటే చెరువు వైపు పోయినట్టే పోయి, బూదికోట దాకా నడిచి బస్సెక్కాను. దీపాలు పెట్టే వేళకు అమ్మ ముందు ఉన్నాను. గని కూత వినపడితే ఏడ్చేశాను.

మరునాడు నేను తలదువ్వుకుని బయలుదేరబోతుంటే సైకిలు తొక్కుకుంటూ మా ఆయన వచ్చాడు, బట్టలు తడిసి ఉన్నాయి. వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఎవురూ ఊర్లోకి పోలేదు," అన్నాడు. "నీ రాయి అట్లే ఉండాది."

నేను పెట్టనే లేదన్నాను. కొత్త పిల్ల, తెలీక మర్చిపోయినాదని మా అత్త నా పేరున ఒకటి పెట్టిందట. రాత్రంతా తుంపర పడుతూనే ఉందట, తోడికోడలు నెల బిడ్డను కొంగులో చుట్టుకుని చెట్టు కింద కూర్చుందట. కంచెకు అవతల తలుపులు తీసే ఉన్నాయి, ఒక్కరూ అడుగు పెట్టలేదు.

నాన్న నా వైపు చూసి, "ఇంగేం చేస్తావమ్మా, నువ్వే చెప్పు," అన్నాడు.

మా ఆయన వెంటనే, "నీ ఆసుపత్రి పని చూసుకున్నాకే రా. అందాకా వాళ్ళు కాచుకోని ఉంటారు," అన్నాడు.

చెయ్యి పట్టి లాగి ఉంటే నేను కదిలేదాన్ని కాదు, ఆ మాట మాత్రం ఒట్టు. ఆసుపత్రికి పోయి నిలబడితే వాళ్ళు పిలిచేదెప్పుడో, నేను పల్లె చేరేదెప్పుడో, ఆ బిడ్డ అంతదాకా తడుస్తూ ఉండాలి. సైకిలు వెనక కూర్చున్నాను. ఆసుపత్రి గేటు ముందు నుంచే పోయాం. నా ఈడు ఆడపిల్లలు అక్కడ వరసగా నిలబడి ఉన్నారు.

కంచె దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కరైనా ఒక్క మాటన్నా అంటారేమోనని చూశాను, అంటే తిరగబడేదాన్ని. అనలేదు. నేను వంగి రాయి తీసుకున్నాక మా మామ కంచె పక్కకు లాగాడు. ఇంటికి పోయాక మా అత్త వేడి అంబలి చేతికిచ్చి, "రాయి పెట్టకుండా పోతారా ఎవురన్నా," అనింది, అంతే. అదే నన్ను కట్టిపడేసింది. మళ్ళీ ఆ బాట పట్టి పోవాలని ఎన్నిసార్లు అనుకున్నా, చెట్టు కింద తడుస్తూ కూర్చున్నవాళ్ళు కళ్ళముందు మెదిలేవాళ్ళు. నర్సు పని అక్కడితో సరి. ఆ కోపం నాకు ఈనాటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

తర్వాత పల్లె తనంతట తానే ఖాళీ అయింది. బోర్లు ఎండాయి, పిల్లలు వేమగల్‌కీ బెంగుళూరుకీ పనులకు పోయారు, ఊరు విడిచే రోజున కంచె పక్క రాళ్ళు ఏటేటా తగ్గుతూ వచ్చాయి. మా ఆయన చనిపోయిన ఏడు నేను, తోడికోడలు మాత్రమే తోపుకు పోయాం. పొద్దు గూకేదాకా కూర్చుని, మా రాళ్ళు మేమే తీసుకుని, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఆమె కూతురి దగ్గరికి, నేను ఇక్కడికి.

మనవరాలికి ఊరు ఎక్కడుందో చెప్పాను, రాసుకుంది. ఎంతమంది అన్నదానికి, నేనొక్క రాత్రి రాకపోతే తెల్లవార్లూ బయట కూర్చున్నంత మంది అన్నాను. ఆ పిల్లకు ఏం అర్థమైందో, పెన్ను నోట్లో పెట్టుకుని నన్నే చూసింది.

ఈ సందులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. షిఫ్టు దిగినవాళ్ళు మెట్లెక్కుతుంటారు, షిఫ్టెక్కేవాళ్ళు దిగుతుంటారు, అందరి చేతుల్లోనూ తాళంచెవులు. ఇప్పుడు నేను ఎక్కడికైనా పోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. నిన్న కావాలనే చీకటి పడేదాకా బస్టాండులో కూర్చుని వచ్చాను. ఇంట్లో టీవీ నడుస్తోంది, అందరూ తినేశారు, నా కంచం మీద మూత పెట్టి ఉంది.